తోకకు పంకా కట్టిన రైలు

దుబాయ్‌లో పెద్ద బిల్డరు ఆఫీసుకు ఎప్పుడైనా వెళ్తే చూడండి, గుమ్మం దాటగానే అద్దాల పెట్టెలో ఒక ఊరు కనిపిస్తుంది. వేలెడంత ఖర్జూరపు చెట్లు, అగ్గిపెట్టెలంత కార్లు, గింజంత మనుషులు. ఆ ఊరు ఇంకా పుట్టి ఉండదు. అక్కడ అప్పటికి ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఆ పుట్టని ఊళ్లకు రంగులు వేసినవాణ్ణి నేను. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి గోడలకు సున్నం కొట్టే పెయింటరుగా పోయి, చివరికి గోరంత గోడలకు రంగు వేసే పనిలో స్థిరపడ్డాను. ఇప్పుడు ఇంటిపట్టున ఉన్నాను కాబట్టి మా వైపు కుర్రాళ్లు ఆ పనిలోకి పోయే ముందు ఫోన్ చేసి "కాకా, అక్కడ ఏం జాగ్రత్తలు తీస్కోవాలె?" అని అడుగుతుంటారు. మాస్కు కట్టుకోండి, థిన్నరు పీల్చకండి అని చెబుతాను. అసలు చెప్పాల్సింది ఫోన్లో చెప్పేంత చిన్నది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మోడళ్లు చేసే మా కార్ఖానా మొదట దుబాయ్‌లోని సత్వాలో ఉండేది, తర్వాత రాస్ అల్ ఖైమా ఇండస్ట్రియల్ ఏరియాకు మారింది. ముదీర్, అంటే మా మేనేజరు, హైదరాబాదు మనిషి. మంచివాడే, కానీ భయస్తుడు. పనివాళ్లందరికీ పెద్ద మా ఉస్తాద్. నెల్లూరు జిల్లా ముసల్మాను, వడ్రంగం ఆయనకు చేతి విద్య. నాకంటే పెద్దవాడు, నన్ను "అబ్బయా" అనేవాడు. జేబులో ఎప్పుడూ చిన్న రసమట్టం ఉండేది. ఏ మోడల్ మీదైనా దాన్ని పెట్టి, బుడగ నడుమకు వచ్చేదాకా పక్కకు కదిలేవాడు కాదు. భోజనం బల్ల మీద కూడా పెట్టి చూడటం నా కళ్లారా చూశాను. మేం చేసేవి బిల్డింగులు కదా, అందులో వంకర అన్నది తిట్టుతో సమానం.

కరోనా కాస్త సద్దుమణిగి, మాస్కులు ఇంకా ముక్కు మీదే ఉన్న రోజుల మాట ఇది. ఉస్తాద్ ఇక చాలనుకుని పక్కాగా, అంటే మళ్లీ తిరిగి రాకుండా, ఇంటికి వెళ్లిపోవడానికి సిద్ధమయ్యాడు. వీసా క్యాన్సిల్‌కు పెట్టారు, సామాను కట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు ఒక పొద్దున ఒక స్థానిక పెద్దాయన మనవరాలి చెయ్యి పట్టుకుని మా కార్ఖానాకు వచ్చాడు. చంకలో ఖర్జూరం పెట్టె. మాకు తినడానికి తెచ్చాడేమో అని నేను సంబరపడ్డాను. తెరిస్తే తువ్వాలు, తువ్వాలు విప్పితే వెండి రంగు రేకు బొమ్మ.

అది రైలు పెట్టె అని చక్రాలను బట్టి తెలుస్తోంది. మిగతాదంతా వేరేలా ఉంది. ముందు వైపు కోడిగుడ్డులా నున్నగా గుండ్రం. పక్కన వరసగా కిటికీలు. వెనక్కి పోను పోను సన్నబడి, తోక చివర విమానానికి ఉన్నట్టు ఒక పంకా. తాళం తిప్పే బొమ్మ, కానీ స్ప్రింగు ఎప్పుడో తెగింది. మేం పని ఆపి చుట్టూ చేరాం.

"ఏందబ్బయా ఇది, రైలుకి పంకా ఎందుకంట?" అన్నాడు ఉస్తాద్ నాతో మెల్లగా. "లోపల కూర్చున్నోళ్లకి ఉక్క పోయకుండానా?"

"ఉక్కకైతే లోపట పెడ్తరు గద ఉస్తాద్, బయట పెడితె ఎవలకు గాలి?"

పెద్దాయనకు మా తెలుగు అర్థం కాకపోయినా మేం దేని గురించి అనుకుంటున్నామో అర్థమైంది. నవ్వి, హిందీలో అందుకున్నాడు. ఆ తరం వాళ్లకు బొంబాయి హిందీ బాగా వస్తుంది. ఆయన మాటల్ని నా తెలుగులో పెడుతున్నాను. వాళ్ల నాన్న ముత్యాలు అమ్ముకోవడానికి బొంబాయి పోయి, అక్కడ ఒక దుకాణంలో ఈ బొమ్మ చూసి ముచ్చటపడి కొనుక్కొచ్చాడట. ఇంట్లో అందరూ ఆయన్ను తిట్టారట, ఈ గడ్డ మీద రైలే లేదు, పిల్లాడికి రైలు బొమ్మేమిటని. అసలు రైలు ఎరగని ఆ పిల్లాడికి రైలంటే ఇదే. లోకంలోని రైళ్లన్నీ పంకాతోనే నడుస్తాయని నమ్మి పెరిగాడు. పడుచుతనంలో మొదటిసారి బొంబాయి స్టేషనులో అసలు రైలు చూసినప్పుడు, ఇంజను వైపు కాకుండా నేరుగా చివరి పెట్టె వెనక్కి పరుగెత్తాడట. పంకా లేదు.

"మోసం అనుకున్నాను. ఇది దొంగ రైలు, మా ఇంట్లోదే అసలు రైలు అనుకున్నాను" అన్నాడు. మేమంతా నవ్వాం. ఆయనా నవ్వాడు.

ఆయనకు కావలసింది ఇది. కంటి నడుమ మచ్చ వచ్చి చూపు పోతోంది. ఎదురుగా ఉన్నది కనిపించదు, ఓరగా ఉన్నది మసక. పెద్దదీ, కదిలేదీ అయితే ఇంకా తెలుస్తోంది. అది కూడా పోయేలోపు ఆ రైలును మనిషంత పొడవున చేయించి, తన మజ్లిస్‌లో, అంటే అతిథులు కూర్చునే హాలులో, పట్టాలు వేయించి నడిపించుకోవాలి. నడవడం కూడా ఉత్తుత్తి మోటారుతో చక్రాలు తిరిగి కాదు, పంకా గాలికే నడవాలి. బొమ్మ కొలతలు తీసుకుని మళ్లీ తనకు ఇచ్చేయాలి. అంతే.

మనవరాలు చదువుకున్న పిల్ల, అంతా ఓపిగ్గా చెప్పింది. అది బొమ్మల కంపెనీవాడి పిచ్చి ఊహ కాదట. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ జర్మనీలో నిజంగా అలాంటి రైలు ఒకటి చేశారు. విమానాల పిచ్చి పట్టిన కాలం అది. రైలు కూడా విమానంలా తేలికగా, నున్నగా ఉంటే ఎగిరినట్టు పోతుందని అక్కడా ఇక్కడా ఇంజనీర్లు రకరకాలు చేసి చూశారు. ఫ్రాన్సులో అయితే డ్రైవరును పెట్టె నడిమధ్య కప్పు మీద గూడు కట్టి కూర్చోబెట్టారు. ఫోన్లో ఆ ఫొటో చూసి నేను నమ్మలేదు. ఎదురుగా బర్రె అడ్డం వస్తే వాడికెట్లా కనపడుతుందని అడిగాను. ఆ పిల్లకు బర్రె సంగతి తట్టలేదు.

పంకా రైలు అందరికంటే జోరుగా పోయిందట. కానీ జనం నిండిన ప్లాట్‌ఫారం మీదికి తోకన అంత పంకా తిప్పుకుంటూ వస్తే ఎవరి తల మిగులుతుంది? పైగా వెనక ఇంకో పెట్టె తగిలించే వీల్లేదు. అందుకని ఆ ఒక్కటే చేశారు, రెండోది చేయలేదు. కొన్నాళ్లు షెడ్డులో ఉంచి, చివరికి మళ్లీ యుద్ధం ముంచుకొచ్చినప్పుడు లోహం కోసం విప్పేశారు. అసలుది ముక్కలైంది, రేకు బొమ్మ ఒకటి సముద్రం దాటి రాస్ అల్ ఖైమా చేరి బతికింది. ఎప్పుడూ పుట్టబోయేవాటికి మోడళ్లు చేసిన మాకు, పోయినదానికి మోడల్ చేయడం అదే మొదలు. నాకు ఆ పని మీద ఎంత ఆశ పుట్టిందంటే, మిగతా పనులు పక్కనపెట్టి దాని చుట్టూనే తిరిగాను.

ఉస్తాద్ వెళ్లిపోయేలోపు చేసిచ్చే చివరి పని అదే అయింది. ఆ సంగతి ముదీర్ పెద్దాయనకూ చెప్పాడు. బొమ్మను కొలిచి, చెక్కతో అచ్చు చేసి, ఫైబర్‌తో ఒళ్లు పోశాడు. నేను పుట్టీ పెట్టి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, వెండి రంగు కొట్టాను. వెండి రంగు చాలా చాడీకోరు రంగు, తమ్ముళ్లూ. కింద వెంట్రుక పడినా తాడులా చూపిస్తుంది. రేడియో విమానాలు అమ్మే దుకాణం నుంచి ముదీర్ మోటారు, పంకా, బ్యాటరీ తెప్పించాడు.

ఇక్కడే మా కార్ఖానా అలవాటు ఒకటి చెప్పాలి. నమూనా కోసమని పని ఇచ్చిన గిరాకీ తమ వస్తువు ఏదైనా మా దగ్గరికి పంపితే, తిరిగి పంపేటప్పుడు దానికి ఏదో ఒక చిన్న మరమ్మతు ఊరికే చేసి పంపేవాళ్లం. ఊగే కాలుంటే బిగించడం, కీచుమనే కీలుంటే నూనె వేయడం. చేశామని గిరాకీకి చెప్పకూడదు. చెబితే బక్షీసు అడిగినట్టవుతుందని ఉస్తాద్ పెట్టిన నియమం. "చేసింది చెప్పుకుంటే చేసినట్టే గాదు" అనేవాడు. ఎంతమంది తమ కుర్చీ ఊగడం ఎందుకు మానేసిందో తెలియకుండానే హాయిగా కూర్చున్నారో.

బొమ్మ తిరిగి పంపే ముందు ఉస్తాద్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. పంకా తిరిగే ఇరుసు తోక దగ్గర రవ్వంత పైకి లేచి ఉంది. పంకా నేరుగా వెనక్కి చూడకుండా కొంచెం ఆకాశం వైపు చూస్తోంది.

"ఎప్పుడో పిల్లోడి చేతిలోంచి జారి తోక మీద పడినట్టుండాది. వంగిపోయిండాది పాపం" అన్నాడు.

"అవును ఉస్తాద్, వంకర కొడ్తున్నది" అన్నాను నేను. చూసిన ప్రతివాడూ అదే అన్నాడు. పెద్ద మోడల్‌లో అప్పటికే ఉస్తాద్ ఇరుసు రసమట్టానికి సరిగ్గా పెట్టేశాడు. ఇప్పుడు బొమ్మను ఒళ్లో పెట్టుకుని, గుడ్డ అడ్డం వేసి, బొటనవేలితో మెల్లగా, పసిబిడ్డ కాలు సవరించినట్టు ఇరుసును సర్ది తిన్నగా చేశాడు. రంగు కూడా చెదరలేదు. తువ్వాల్లో చుట్టి, ఖర్జూరం పెట్టెలో పెట్టి, డ్రైవరుతో పంపించాం.

మర్నాడు మనవరాలు ఫోన్ చేసింది. ముదీర్ మాట్లాడుతుంటే ఆయన ముఖం పాలిపోవడం అద్దాల గదిలోంచి మాకు కనిపించింది. బయటకొచ్చి నన్నూ ఉస్తాద్‌నూ పిలిచాడు.

"ఆ బొమ్మ తనది కాదంటుండట ముసలాయన. మనోళ్లు మార్చేసిండ్రు, అసలుది ఉంచుకొని నకలు పంపిండ్రు అంటుండట."

"నకలెవరు చేసినారు సార్? ఆ బొమ్మే పంపిండాము" అన్నాడు ఉస్తాద్ తెల్లబోయి.

"నాకు తెల్సు ఉస్తాద్. కానీ గసుంటి పాత బొమ్మలకు బయటి దేశాలల్ల ఎగబడేటోళ్లున్నరట. నువ్వేమో వచ్చే వారం ఖలాస్ చేస్కొని పోతున్నవ్. నకలు చేసే చెయ్యి కూడా నీదే. ఆయనొక్కడే కాదు, ఎవరు విన్నా అదే అనుకుంటరు."

మనవరాలికి ఏ తేడా కనిపించలేదట. అదే రంగు, అదే గీతలు. కానీ పెద్దాయన వేళ్లతో తడిమి, పంకా ఒకసారి తిప్పి, బొమ్మను పక్కన పెట్టేశాడట. పోలీసులకు చెబుతానని అనలేదు. ఒక్క మాట చెప్పి పంపాడు: ఆ మనిషి దేశం వెళ్లే ముందు నా బొమ్మ నాకు ఇచ్చి వెళ్లమనండి. బెదిరించి ఉంటే కోపం తెచ్చుకునేవాళ్లం. ఆ మాటకు ఏం చేయాలో తెలియలేదు. కేసు అంటూ పడితే ఉస్తాద్‌ను ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. కేసు పడకపోయినా, జీవితమంతా పనిచేసిన చోటి నుంచి దొంగ అన్న పేరుతో పోవాల్సి వస్తుంది.

ఆ సాయంత్రం ముదీర్ పనివాళ్లం ఉండే క్యాంపులో మా గదికి వచ్చాడు. ఉస్తాద్ సామాను వైపు చూస్తూ నిలబడ్డాడు. ఉస్తాదే అర్థం చేసుకుని, కట్టి పెట్టిన అట్టపెట్టె తాడు విప్పి ముందుకు తోశాడు.

"చూసుకోండి సార్."

దుప్పట్లు, నొప్పుల బామ్ సీసాలు, కోడలికి అత్తరు, మనవళ్లకు చాకొలెట్లు, అరిగిపోయిన రంపం. ముదీర్ పైపైన చూసి తల తిప్పుకున్నాడు. ఉస్తాద్ మాత్రం ఒక్కొక్కటే తీసి మంచం మీద పరిచి అడుగుదాకా చూపించాడు. తర్వాత తనే మళ్లీ సర్ది, తాడు బిగించాడు. నేను సాయం పట్టబోతే వద్దన్నాడు. నాకు ఆ రోజు ముదీర్ మీద వచ్చినంత కోపం ఇంకెవరి మీదా రాలేదు. ఆయనకూ పాపం గత్యంతరం లేదు.

మీరు అడగొచ్చు, ఇరుసు సర్దిన సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదని. నేనూ తర్వాత చాలాసార్లు అనుకున్నాను. మాకు తట్టలేదు, అంతే. వంకర తీయడం మా లెక్కలో మార్చడం కాదు. ముఖం కడిగినంత మాత్రాన మనిషి మారతాడా? అట్లా ఉండేది మా బుర్ర.

ఈలోపు మోడల్ మొండికేసింది. కార్ఖానా వెనక పెరట్లో చెక్క పలకల మీద పట్టాలు పరిచి పరీక్ష పెట్టాం. పంకా తిరిగింది, బండి కదిలింది, ఊపందుకుంది. మేం చప్పట్లు కొట్టాం. వంపు దగ్గరికి రాగానే వెనక చక్రాలు పైకి తేలి, బండి పట్టాలు వదిలి రంపపు పొట్టులో బోర్లా పడింది. ఎత్తిపెట్టి మళ్లీ నడిపాం, మళ్లీ పడింది. నా వెండి రంగు చెక్కులు లేచిపోయింది. వెనక సీసం బరువు పెడితే బండి నత్తలా దేకింది, బరువు తీస్తే ఎగిరిపడింది. జోరు తగ్గిస్తే నిలిచేది, కానీ ఆ నడకకు పంకా ఎందుకు, వీల్‌చెయిర్ చాలు.

ఉస్తాద్ అన్నం సరిగా తినడం లేదు. పని మాత్రం ఆపలేదు. "దొంగతనం జేసి పోయినాడు, దానికితోడు చెడ్డ పని జేసి పోయినాడు అనిపించుకోలేనబ్బయా" అన్నాడొకసారి.

రంగు చూసి వేయడానికి, అసలు రైలు ఫొటో ఒకటి మనవరాలు పంపితే పెద్దగా ప్రింటు తీయించి గోడకు అంటించుకున్నాను. స్టేషనులో ఆగి ఉన్న రైలు, టోపీలు పెట్టుకున్న జనం. ఆ ఫొటోలో కూడా పంకా కాస్త పైకి చూస్తున్నట్టే ఉంటుంది. ఫొటో తీసినవాడు కెమెరా వంకరగా పట్టుకున్నాడని అందరం తీర్మానించేశాం. ఒకరోజు బండి ఆరోసారో ఏడోసారో బోర్లా పడ్డాక, ఉస్తాద్ వచ్చి ఆ ఫొటో ముందు నిలబడ్డాడు. జేబులోంచి స్కేలు తీసి పట్టాల మీద ఆనించాడు. తర్వాత కిటికీల వరస మీద. తర్వాత ఇరుసు మీద.

"అబ్బయా, ఇట్రా" అన్నాడు. "పట్టాలు మట్టంగా ఉండాయి. కిటికీలు మట్టంగా ఉండాయి. కెమెరా వంకరైతే అన్నీ వంకరుండాల గదా. పంకా ఒకటే పైకి చూస్తా ఉండాది."

నేను చూశాను. నిజమే.

"అంటే కావాలని పెట్టిండ్రంటవా?"

ఆయన వెళ్లి మోడల్ మోటారు కింద మరలు వదులు చేసి, వెనక వైపు పలచటి చెక్కముక్క దూర్చి, బొమ్మలో ఎంత లేచి ఉండేదో గుర్తు చేసుకుంటూ అంతే లేపాడు. జేబులో రసమట్టం ఉంది కానీ తీయలేదు. బండిని పట్టాల మీద పెట్టి వదిలాం. పంకా గాలిని వెనక్కే కాకుండా కొంచెం పైకి కూడా కొట్టింది. దాంతో బండి కిందికి ఒత్తుకుని, పట్టాలను కరుచుకుని, వంపు దగ్గర ఊగకుండా తిరిగి మా ముందు నుంచి సర్రున పోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. తేలిక బండి ఎగిరిపోకుండా పంకాతోనే అదిమిపట్టే ఉపాయం అది. బొమ్మ చేసిన మహానుభావుడు అసలుదాన్ని ఎంత శ్రద్ధగా చూశాడో, పిల్లలాటకే కదా అని అది కూడా వదల్లేదు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. వెనక్కి చూస్తే ఉస్తాద్ స్టూలు మీద కూలబడి ఉన్నాడు.

"ఆ బొమ్మకి వంకర లేదు అబ్బయా" అన్నాడు. "ఉన్నదాన్ని నేనే తీసేసినా. ఆయప్ప నిజమే చెప్పినాడు. అది ఆయన బొమ్మ గాదు."

ముదీర్‌కు చెప్పాం. ఆయన అంతా విని తలుపు మూశాడు.

"ఉస్తాద్, నా మాట విను, చుప్ ఉండు. మోడల్ నడుస్తుంది కదా, అది జూసి ఆయన ఖుషీ అయితడు. నేనే మార్చిన అని నీ నోటితోటి చెప్తే, పాత బొమ్మను ఖరాబ్ చేసినవని నీ మీదనే పడ్తది. ఫ్లైటు దగ్గర్లున్నది. ఎందుకు పెంట?"

"దొంగ అనే పేరు కంటే తెలివి లేనోడు అనే పేరు మేలు సార్. నేను పోయి చెప్తా. ఏమన్నా అయితే అవతాది" అన్నాడు ఉస్తాద్. నాకు భయం వేసింది, గర్వంగానూ అనిపించింది. నేనూ వస్తానన్నాను. వంకర ఉందన్న నోళ్లలో నాది కూడా ఒకటి.

ముదీర్ విసుక్కుంటూనే మోడల్‌ను వ్యానెక్కించి మాతో వచ్చాడు. మజ్లిస్ పెద్దది, గోడల పొడవునా తివాచీలు, దిండ్లు. కాఫీ ఇచ్చారు, ఎవరూ తాగలేదు. పెద్దాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు, పక్కన మనవరాలు, ముందు బల్ల మీద తువ్వాలు పరిచి ఆ బొమ్మ. మేం పట్టాలు పరచబోతే చేత్తో ఆపాడు.

"ముందు నాది" అన్నాడు.

ఉస్తాద్ వెళ్లి ఆయన ముందు తివాచీ మీద కూర్చున్నాడు. తనకొచ్చిన హిందీలో మొత్తం చెప్పాడు. మా కార్ఖానా అలవాటు, చెప్పకూడదన్న నియమం, ఇరుసు వంగిందనుకోవడం, సర్దడం, మోడల్ పల్టీలు కొట్టడం, ఫొటో మీద స్కేలు. ఏదీ దాచలేదు, ఎవరి మీదా నెట్టలేదు. "మంచి చేస్తున్నాననుకుని మీ బొమ్మను పాడు చేశాను. దొంగిలించలేదు" అని ముగించాడు.

ముదీర్ కాళ్లు మార్చుకుంటున్నాడు. పెద్దాయన బొమ్మను తడిమి చేతిలోకి తీసుకున్నాడు.

"చిన్నప్పుడు దీన్ని గుండెల మీద పెట్టుకుని పడుకునేవాణ్ణి. ఈ వేలితో పంకా తిప్పుతూనే నిద్రపోయేవాణ్ణి. తిరిగి తిరిగి రెక్క ఇక్కడ, నా చూపుడు వేలి కణుపుకు తగిలేది. మొన్న తిప్పితే తగల్లేదు" అన్నాడు. తర్వాత బొమ్మను ఉస్తాద్ వైపు చాపాడు. "వంచు."

"పాత రేకు అర్బాబ్. ఒకసారి వంగింది. మళ్లీ వంచితే విరగొచ్చు" అన్నాడు ఉస్తాద్. అక్కడ యజమానిని అర్బాబ్ అంటారు.

"విరిగితే విరిగిన బొమ్మ నాది. ఇలా ఉంటే ఇది ఎవరిదో."

ఉస్తాద్ బొమ్మను తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. పెద్దాయన ముందుకు వంగి తన చూపుడు వేలిని పంకా పక్కన, చిన్నప్పుడు పెట్టుకున్న చోటే పెట్టాడు. ఒకరి బొటనవేలు ఇరుసు మీద, ఇంకొకరి వేలు రెక్క మీద.

"అవుర్" అన్నాడు పెద్దాయన, ఇంకా అని. ఉస్తాద్ రవ్వంత ఒత్తాడు. రెక్క తిప్పి చూసి, "అవుర్ థోడా" అన్నాడు. ఎక్కడో రేకు కిర్రుమంది. మనవరాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉస్తాద్ ఆగి, మళ్లీ ఒత్తాడు. పెద్దాయన రెక్క తిప్పాడు. అది తిరిగి వచ్చి ఆయన కణుపుకు టక్కున తగిలింది. ఇంకోసారి తిప్పాడు. మళ్లీ తగిలింది.

"బస్" అన్నాడు. "యే మేరా హై." ఇది నాదే.

ఇరుసు మొదట్లో వెంట్రుకంత రంగు రాలింది. నేను నోరు జారి, నిమిషంలో టచప్ చేస్తానన్నాను. ముదీర్ నా కాలు తొక్కాడు. ఎవరికీ ఊరికే ఏ మరమ్మతూ చేయొద్దని ఆ క్షణంలోనైనా నాకు తట్టి ఉండాల్సింది. తమ్ముళ్లూ, మీకు చెబుదామనుకున్నది ఇదే. చేతిలో పనితనం ఉన్నవాడికి వంకర కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అడిగాకే సర్దండి.

తర్వాత పట్టాలు పరిచాం. మనిషంత పొడవున్న వెండి రైలు మజ్లిస్ చుట్టూ, తివాచీల అంచు వెంట, పంకా రొదతో తిరిగింది. పెద్దాయన నేరుగా చూడలేదు. తల పక్కకు తిప్పి, ఓరకంట, తనకు మిగిలిన చూపుతో దాన్ని పట్టుకుంటూ, అది పోయిన వైపల్లా మెడ తిప్పుతున్నాడు. దగ్గరికి వచ్చినప్పుడల్లా గాలికి ఆయన తెల్లటి గడ్డం కదిలేది. "ఆయీ, ఆయీ", వచ్చింది వచ్చింది అంటూ చిన్నపిల్లాడిలా నవ్వాడు. చప్పుడుకు వంటింట్లోంచి పనివాళ్లు కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు లేకుండా ఏడ్చాను.

సెలవు తీసుకోవడానికి లేచాం. ఉస్తాద్ చేతులు కట్టుకుని, ఎల్లుండి దేశం వెళ్లిపోతున్నానని, మనసులో ఏమీ పెట్టుకోవద్దని అన్నాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు. మనవరాలు పట్టుకోబోతే వద్దన్నాడు. తన మాస్కు కిందికి లాగి, తడుముకుంటూ ఉస్తాద్ భుజాలు పట్టుకుని, ఆయన మాస్కు కూడా కిందికి లాగి, ముక్కుకు ముక్కు ఆనించాడు.

ఆ దేశపు మగవాళ్లు తమలో తాము, సాటివాణ్ణి, గౌరవించదగినవాణ్ణి పలకరించే పద్ధతి అది. కరోనా వచ్చాక వాళ్లలో వాళ్లు కూడా మానేశారు. నేను అక్కడ బతికినన్నాళ్లలో ఒక స్థానికుడు మాలాంటి పనివాడికి అలా చేయడం అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఉస్తాద్‌కు ఏం చేయాలో తెలియక కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయాడు. ముదీర్ తల దించుకున్నాడు.

వ్యానులో క్యాంపుకు బయల్దేరాం. ఉస్తాద్ కిటికీ పక్కన కూర్చున్నాడు. మాస్కు ఇంకా గడ్డం కిందే ఉంది. పెట్టుకో ఉస్తాద్, చెక్‌పోస్టు వస్తది, జుర్మానా వేస్తరు అన్నాను. ఆయన వినిపించుకోలేదు, దారి పొడవునా ముక్కు మీద నుంచి చెయ్యి తీయలేదు.